పదహారో పట్టీ

ఉత్తరం మీద వేసిన తేదీకి విజయకుమార్ బతికే ఉన్నాడు. ఉత్తరం కింద సంతకం పడేనాటికి మాత్రం అతను చనిపోయి కనీసం వారమైంది.

నీహారిక ల్యాప్‌టాప్ తెర మీది అంకెను మూడోసారి చూసింది. పదహారు. కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుని నాలుగోసారి చూసింది. పదహారే.

"ఇలా జరగడానికి వీల్లేదండీ," అంది పైకే.

వాషర్‌మెన్‌పేట్‌లో రంగులు, రసాయనాల టోకు వర్తక సంఘం భవనం, మొదటి అంతస్తు హాలు. బుధవారం ఉదయం పదకొండు గంటలు. కింద వీధిలో సరుకు మోసే మీన్‌బాడీ మూడు చక్రాల బండ్లు హారన్లు కొట్టుకుంటున్నాయి. పైన ముగ్గురే మనుషులు. ఈ సంఘానికి పదిహేడేళ్లుగా అధ్యక్షుడైన కోదండరాం, నలభై ఏళ్లుగా కార్యదర్శి అయిన కామేశం, వాళ్ల కోసం పేరు బయటపడకుండా సంతకం పెట్టే కంప్యూటర్ ఏర్పాటు తయారు చేసిన విజయవాడ పిల్ల నీహారిక.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పన్నెండు రోజుల కిందట ఈ సంఘానికి పేరు లేని హెచ్చరిక ఒకటి వచ్చింది. కోటి అనే వ్యాపారి ఏడో నంబరు గోడౌన్ లోపలి గదిలో పాత డ్రమ్ములు కారుతున్నాయనీ, పై అంతస్తులో రాజలక్ష్మి కుట్టు కేంద్రంలో ఇరవై ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారనీ, వాళ్ల ప్రాణాలకు ముప్పనీ అందులో ఉంది. నియమం ప్రకారం సంఘం మర్నాడే గోడౌన్‌కు తన తాళం వేసింది. అది తీసేదాకా పైకి కూడా ఎవరూ పోకూడదంది; కుట్టు మెషిన్లు ఆగిపోయాయి. ఆ తర్వాత రెండు రోజులకే, సోమవారం నాడు, సంఘ సభ్యుడు విజయకుమార్ అదే గోడౌన్ బయటి మెట్ల మీంచి జారిపడి చనిపోయాడన్నారు. ఈ ఉదయం తొమ్మిదీ పన్నెండుకు రెండో ఉత్తరం వచ్చింది: "మొదటి హెచ్చరిక రాసింది నేనే. పొరబడ్డాను. డ్రమ్ములు బాగానే ఉన్నాయి. ఉపసంహరించుకుంటున్నాను. అనుమానముంటే రెండు సంతకాలూ తెరిచి పోల్చి చూసుకోండి." కింద తేదీ, విజయకుమార్ చనిపోవడానికి ముందు రోజు, ఆదివారం.

తెరిచి చూశారు. రెండూ విజయకుమార్‌వే.

"అయితే ఇంకేంది పాపా?" కోదండరాం చేతిగడియారం చూసుకున్నాడు. "రాసినోడే వాపసు తీసుకున్నాడు. పన్నెండు గంటలకి తాళం తీసేదానికి నేను ఆర్డరు కూడా రాసిచ్చేసినా. పాపం, రాజలక్ష్మి పన్నెండు దినాలుగా నా ఇంటి చుట్టూ తిరగతా ఉండాది. ఆ ఆడోళ్లకి కూలి లేదు గదా."

"చనిపోయిన మనిషి ఉత్తరం పది రోజుల తర్వాత ఎలా వచ్చిందండీ?"

"అది కామేశం విడమరిచి చెప్పినాడే. రాసిన దినం సిగ్నల్ లేదు, ఉత్తరం ఫోన్లోనే చిక్కుకోనుండాది. ఫోను పోలీసు స్టేషన్లో ఉండాది. ఈ పొద్దు ఎవురో ఆన్ చేసినారు, పోయింది. సరిగానే ఉండాది గదా?"

కామేశం బల్ల అవతల నుంచి మెల్లగా తల ఊపాడు. తెల్ల చొక్కా, నుదుట సన్నటి తిరుచూర్ణం గీత, జేబులో రెండు పెన్నులు. ఈ వీధిలో ఆయన్ని చూసి లేచి నిలబడని దుకాణదారు లేడు.

"సరిగ్గా లేదండీ," అంది నీహారిక. కుర్చీ ముందుకు లాక్కుంది. "సంతకం చూస్తే ఏం తెలుస్తుందని మీకు మొదటి రోజు చెప్పాను?"

"చూసినోడికి, ఇది మన సంఘంలో ఒకరిది అని మాత్రం తెలుస్తాది. ఎవురిదో తెలవదు. తెలవాలంటే నా దగ్గరుండే రహస్యం ముక్క, కామేశం దగ్గరుండే ముక్క, రెండూ కలవాలి." పాఠం అప్పజెప్పినట్టు చెప్పి కోదండరాం నవ్వాడు. "నా కాలంలో సంతకమంటే చెయ్యి వణికినా మనదేనని ఊరంతా తెలిసేది. ఇప్పుడు మనదని తెలవకుండా పెట్టేదానికి ఇంత చదువు కావాల."

"ఆ పాఠంలో రెండో సగం ఉంది. సంఘంలో జనం మారుతుంటారు కదా. ఒకరు చేరతారు, ఒకరు మానేస్తారు. అలా ఎవరు మారినా సభ్యుల పట్టీ కొత్తది తయారవుతుంది. ప్రతి పట్టీకి ఒక నంబరు. సంతకం పెట్టే క్షణాన ఏ పట్టీ నడుస్తోందో, ఆ నంబరు సంతకంలో కలిసిపోతుంది. ఉత్తరం మీద ఏ తేదీ అయినా రాసుకోవచ్చు. ఆ నంబరును మాత్రం మార్చలేరు. మారిస్తే సంతకమే చెల్లదు."

కామేశం చేతిలోని పెన్ను మూత ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

"విజయకుమార్ గారు పోయిన రోజున నడుస్తున్నది పద్నాలుగో పట్టీ. మొదటి హెచ్చరిక మీద పద్నాలుగే ఉంది. దీని మీద" నీహారిక ల్యాప్‌టాప్‌ను పెద్దాయన వైపు తిప్పింది, "పదహారు ఉంది."

కోదండరాం ముందుకు వంగాడు. నవ్వు పోయింది.

"పదిహేను ఎప్పుడు పుట్టిందో నాకు తెలుసండీ. మొన్న శుక్రవారం దమయంతి గారు చేరారు. ఆవిడ రవకేసరి తెచ్చారు, మీరు రెండుసార్లు వేయించుకున్నారు."

"మూడుసార్లు," అన్నాడు కోదండరాం అలవాటు కొద్దీ.

"పదిహేనో పట్టీకి కేసరి తిన్నాం. పదహారో పట్టీకి ఎవరి కేసరి తిన్నామండీ?"

ఈ సంఘంలో కొత్త సభ్యుడు చేరడమంటే హాలులో అందరికీ కేసరి పంచాల్సిందే. దమయంతి తర్వాత ఎవరూ పంచలేదు. ఎవరూ చేరలేదు. మరి పట్టీ ఎలా మారింది?

"కంప్యూటర్ తప్పు చెయ్యదా అమ్మా?" కామేశం గొంతు ఎప్పటిలాగే మృదువుగా ఉంది. "బ్యాంకోళ్ల కంప్యూటరే నెలకొకసారి పడిపోతాది. నువ్వు చిన్నపిల్లవి. ఒక్క అంకె పట్టుకొని చచ్చిపోయిన మనిషిని నానా మాటలు..."

"ఒక్క అంకె కాదన్నా. ఇది కూడా ఉండాది."

ముగ్గురూ వాకిలి వైపు తిరిగారు.

వాసంతి. విజయకుమార్ భార్య. పదో రోజు, ఇంకా కర్మాంతరం కాలేదు. ఈ వీధి ఇళ్లల్లో ఆ రోజులు గడవకుండా ఆడమనిషి గడప దాటడం ఎవరూ చూడలేదు. కోదండరాం అసంకల్పితంగా లేచి నిలబడ్డాడు.

"అమ్మా, వాసంతీ, నువ్వెందుకు వచ్చినావు? చెప్పి పంపితే నేనే వచ్చేవాణ్ణి కదా తల్లీ..."

"నన్ను చూస్తే అందురూ ఏమంటారో తెలుసు పెదనాయనా. అనుకోనీండి." ఆమె నడిచి వచ్చి బల్ల మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టింది. "మా ఆయన అబద్ధం రాసినాడని, మళ్లీ భయపడి వాపసు తీసుకున్నాడని పొద్దున నుంచి వీధంతా చెప్పుకుంటా ఉండారు. అది వింటా ఇంట్లో కూర్చొనేదానికి నా వల్ల కాలేదు. ఆయన అబద్ధాలోడైతే నా ఇద్దరు బిడ్డలూ అబద్ధాలోడి బిడ్డలే. ఇది ఆయన ఫోను. స్టేషనోళ్లు నిన్ననే ఇచ్చేసినారు. చూడమ్మా నీహారికా. ఇది ఈ పొద్దు ఉత్తరం పంపించే మాదిరి ఉండాదా?"

నీహారిక కవరు ఎత్తి చూసింది. అద్దం పొడి పొడి. లోపలి పచ్చటి సర్క్యూట్ పలక రెండుగా విరిగి ఉంది. మెట్ల మీంచి పడితే ఫోను పగలొచ్చు. ఇంతగా నలగదు.

"కామేశం గారూ," అందామె నెమ్మదిగా, "ఈ ఫోను ఆన్ అయిందని మీకెవరు చెప్పారు?"

"ఎవురో... స్టేషన్ నుంచి..."

"నిన్నటి నుంచి ఇది స్టేషన్లోనే లేదు కదండీ."

నీహారిక వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. సభ్యుల రాకపోకల చిట్టా ఒకటి ఉంది. అందులో కొత్త వరుస చేరుతుందే తప్ప పాత వరుసను ఎవరూ చెరపలేరు, తయారు చేసిన తను కూడా. పదిహేను: దమయంతి, శుక్రవారం, చేరిక. దాని కింద...

ఆమె తెర మీదికి వంగి పైకే చదివింది.

"మొన్న సోమవారం. మధ్యాహ్నం మూడూ నలభై. పాత ఫోను పోయింది, కొత్త ఫోనుకు సంతకం తాళం ఇవ్వడమైనది. సభ్యుడి పేరు విజయకుమార్." ఆగి ఊపిరి తీసుకుంది. "చనిపోయిన మనిషికి, చనిపోయిన వారానికి, కొత్త తాళం ఇచ్చారు. సభ్యుడి తాళం మారినా పట్టీ మారుతుంది; పదహారో పట్టీ అదే. అధ్యక్షా, ఆయన చనిపోయిన రోజే పేరు తీసేద్దామని మిమ్మల్ని అడిగాను. గుర్తుందా?"

కోదండరాం కూలబడినట్టు కూర్చున్నాడు. "గుర్తుండాది. కర్మాంతరం కాకముందే మనిషి పేరు కొట్టేసేది మనలో లేదు పాపా. మా నాయనది కూడా పదమూడు దినాలు ఉంచినాం. పదమూడో దినం వారసుడికి తలపాగా కట్టి, అప్పుడు కదా పాత పేరు తీసేది. మర్యాద అది."

"ఆ మర్యాదే ఎవరికో దొంగదారి అయింది. బతికున్నవాళ్ల తాళం మారిస్తే వాళ్ల ఫోను పనిచేయడం మానేస్తుంది, వెంటనే గోల చేస్తారు. చనిపోయినవాళ్లు గోల చేయరు." నీహారిక తెర మీది చివరి గడి చదివింది. చదవడానికి ఇష్టం లేకపోయినా చదివింది. "ఆమోదించినది, కార్యదర్శి."

ఇప్పుడు ముగ్గురి చూపులూ ఒకే మనిషి మీద ఉన్నాయి.

కామేశం కంగారు పడలేదు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇచ్చినా. ఇచ్చిండేది నేనే. సోమవారం ఒక మగమనిషి ఫోన్ చేసినాడు, వాసంతమ్మ ఇంటి నుంచి అన్నాడు. ఫోను పాడైపోయింది, కొత్తదానికి మార్చియ్యండి, కర్మాంతరం తర్వాత పిల్లకి పనికొస్తాది అన్నాడు. చావు జరిగిన ఇల్లు. ప్రశ్నలు వేసేదానికి నాకు మనసొప్పలేదు. మోసపోయినా. అది నా తప్పే."

చక్కగా అతికింది. కోదండరాం మొహంలో కాస్త నెత్తురు తిరిగి వచ్చింది.

"మగమనిషా?" వాసంతి ఆయన వైపే చూస్తోంది. "మా ఇంట్లో మగదిక్కు ఎవురుండారన్నా ఫోన్ చేసేదానికి? ఆయనకి అన్నదమ్ములు లేరు, నాకు మగబిడ్డలు లేరు. మీరు మా పెండ్లికి పీటల కాడ కూర్చున్నోరు. మీకు తెలవదా?"

"ఎవురో బంధువని..."

"పేరు?"

"అడగలేదమ్మా."

"మీరు అడగలేదా? పాలు పోసేవాడు కొత్తగా వస్తే వాడి తాత పేరు అడిగే మనిషి మీరు!"

నీహారిక చెయ్యెత్తి వాసంతిని ఆపింది. ఆమెకు అప్పుడే ఒక సంగతి తట్టింది. ఇంతసేపూ ఎదురుగా పెట్టుకుని కూడా చూడని సంగతి.

"ఆ మనిషి ఎవరైనా సరే, ఒక్క ప్రశ్న. ఉత్తరంలో ఏముంది? రెండు సంతకాలూ తెరిచి పోల్చుకోండి, అని మనకే సవాలు విసిరాడు. పోలిస్తే కుదురుతాయని అతనికి ముందే తెలుసు. అంటే మొదటి హెచ్చరిక రాసింది విజయకుమార్ గారని తెలిసి, కావాలని ఆయన పేరే వాడుకున్నాడు. ఎలా తెలిసింది? ఆయన వాసంతి గారికి తప్ప ఎవరికీ చెప్పి ఉండరు."

"నాకు కూడా చెప్పలేదు," అంది వాసంతి. "ఆ హెచ్చరిక వచ్చే ముందు దినం అన్నం తింటా, పైన ఆడోళ్లు దగ్గతా ఉండారు వాసంతీ, ఎవురో ఒకరు చెప్పాల కదా, అన్నాడు. అంతే. నేనే అర్థం చేసుకున్నా."

"సంతకాన్ని తెరవకుండా ఆ పేరు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. నేను తయారు చేశాను, నాకే తెలియదు. ఈ ఉదయం పది గంటలకు మీరిద్దరూ కలిసి తెరిచే వరకూ దాన్ని ఎవరూ తెరవలేదు. తెరవాలంటే రెండు ముక్కలు కావాలి." నీహారిక పెద్దాయన వైపు తిరిగింది. "మీ ముక్క ఉన్న పెన్‌డ్రైవ్ ఎక్కడుందండీ?"

కోదండరాం కామేశం వైపు చూశాడు.

"మీ ఇంట్లో, దేవుడి అల్మరాలో పెడతానన్నారు."

ఎనభైకి దగ్గరపడిన ఆ మనిషి గొంతు ఒక్కసారిగా పిల్లాడి గొంతులా అయిపోయింది. "నా దగ్గర లేదు పాపా."

"మరి పొద్దున ఎలా తెరిచారు?"

"నేను పక్కన కూర్చొని ఉంటిని. కాఫీ తాగతా ఉంటిని. చేసింది కామేశమే." ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్విచ్చిన దినం సాయంత్రమే ఆయనకి ఇచ్చేసినా. నాకు అదంతా ఏం తెలుస్తాది? సంఘం తాళాలన్నీ నలభై ఏండ్లుగా ఆయన దగ్గరే ఉండాయి. హాలు తాళం, బీరువా తాళం, గోడౌన్ తాళం. ఇదీ ఒక తాళమే కదా అనుకున్నా. కామేశాన్ని నమ్మకపోతే ఇంకెవుర్ని నమ్మేది?"

రెండు ముక్కలు. ఇద్దరు మనుషులు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఎవరి పేరూ బయటపడకూడదని నీహారిక ఎనిమిది నెలలు కూర్చుని గణితమంతా పేర్చింది. ఆ రెండు ముక్కలూ మొదటి రోజు సాయంత్రం నుంచీ ఒకే బీరువాలో, ఒకే అరలో ఉన్నాయి.

"కామేశా," అన్నాడు కోదండరాం. "చెప్పవయ్యా. ఆ పిల్ల తప్పు చెప్తా ఉందని చెప్పు."

కామేశం వాసంతి వైపు చూశాడు. నుదుటి మీది గీత చెమటతో కరిగి ముక్కు మీదికి జారింది. గోడ గడియారం వైపు చూశాడు. పదకొండూ ఇరవై. ఎందుకో ఆ గడియారాన్ని చూడగానే ఆయన మొహంలో ఇంతసేపూ నిలబడి ఉన్నదేదో పడిపోయింది. కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని, నిలబడే మాట్లాడాడు.

"తప్పు చెప్పలేదు కోదండరాం శెట్టిగారూ. అంతా నేనే చేసినా.

మొదటి ఉత్తరం వచ్చిన సాయంత్రమే తెరిచి చూసినా. అది తప్పని కూడా తోచలేదు నాకు. ఈ సంఘంలో ఎవురికి ఎవురి మీద కోపమొచ్చినా మొగం చూసి తిట్టుకున్నారే గాని, పేరు దాచుకొని రాసినోడు లేడు. నాకు అది అవమానంగా అనిపించింది. ఎవురో తెలుసుకొని, ఇద్దర్నీ కూర్చోబెట్టి కాఫీ తాగించి రాజీ చేస్తాం, ఎప్పుడూ చేసేదే కదా అనుకున్నా. కోటికి నేనే చెప్పినా, రాసింది విజయకుమారని.

ఆ మొదటి సోమవారం ఇద్దర్నీ గోడౌన్‌కి పిలిచినా. సంఘం తాళం నేనే తీసినా. కోటి లోపలి గది తలుపు తెరిచి, రాప్పా, నీ కండ్లతో నువ్వే చూసుకో, అన్నాడు. విజయకుమార్ లోపలికి పోయినాడు. నాలుగు అడుగులు. అంతే అమ్మా వాసంతీ. దగ్గలేదు, అరవలేదు. కూలిపోయినాడు. మేమిద్దరం మూతికి గుడ్డలు చుట్టుకొని, కాళ్లు పట్టి బయటికి లాగినాం. అప్పటికే లేదు. ఆయన జారిపడలేదు. మెట్ల కింద పడుకోబెట్టింది మేము. రమ్మని నేను పంపిన మెసేజ్ ఉందని ఆ ఫోను రాయి పెట్టి కొట్టింది నేను.

ఎల్లుండి శుక్రవారం ఆ డ్రమ్ముల తనిఖీకి బయటి మనిషి వస్తా ఉండాడు. అంతలోపల సరుకు ఎత్తేయాల, దానికి తాళం తీయాల. అందుకే ఆ రెండో ఉత్తరం. కోటి చెప్పినాడు, నేను రాసినా. పట్టీ నంబరు సంతకంలో పడతాదని నాకు తెలవదు. దమయంతమ్మని చేర్చుకునింది కూడా నా చేత్తోనే.

మీరు పన్నెండు గంటలకి తాళం తీస్తారని కూర్చోనుండారు. తాళం చెవి పొద్దున ఎనిమిదికే కోటికి ఇచ్చేసినా. లోపలి గది తలుపు తెరిచి, గాలి ఆడనీ అని అట్లనే పెట్టేసి, లారీ కోసం ఊరవతల మనలికి పోయినాడు. ఇంకా రాలేదు. పదిన్నరకి రాజలక్ష్మమ్మ నాకు ఫోన్ చేసింది. కామేశమన్నా, కింద తలుపు తెరిచే ఉండాదే, మా ఆడోళ్లు వచ్చేసినారు, పైకి పోయి మెషిన్ల మీద కూర్చోవచ్చునా, అని అడిగింది. వద్దంటే ఎందుకని అడుగుతాది. ఎందుకో చెప్పాల్సొస్తాది. అందుకని... అందుకని పోండమ్మా అని చెప్పినా."